పడిన బండిని ఒక్కడినే లేపగలగాలి. మిడ్‌సైజ్ అడ్వెంచర్ బండిలో మీకింకేం కావాలి?

గొలుసుకొలత:

ఏడేళ్లుగా నడుపుతున్న బండిని ఈ ఏడు మార్చేస్తున్నాను. కొత్తది మళ్లీ అడ్వెంచర్ బండే (తారు మీదా, మట్టిలోనూ పోయే మోటార్ సైకిల్), మళ్లీ మిడ్‌సైజే. అంతవరకు ఇంట్లో కూడా ఒప్పేసుకున్నారు. షోరూమ్‌కి వెళ్లేముందు నాకేం కావాలో ఒక కాగితం మీద రాసుకుందామని కూర్చున్నాను. మొదటి లైను రాశాను. రెండో లైను దగ్గర పెన్ను ఆగిపోయింది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

ముందు నా సంగతి. వయసు 47, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 68 కిలోలు. చేసేది భూముల సర్వే. వారంలో మూడు నాలుగు రోజులు బండి మీదే తిరుగుడు, చాలాసార్లు ఒంటరిగానే. వెనక రెండు అల్యూమినియం పెట్టెల్లో సామాను, సీటు మీద అడ్డంగా కట్టిన ట్రైపాడ్. తారు అయిపోయాక మట్టి, మట్టి అయిపోయాక గుండ్రాళ్లు. ఆ తర్వాత దారంటూ ఏమీ ఉండదు, నేల ఎక్కడ గట్టిగా కనిపిస్తే అటే. ఇప్పుడున్నది సింగిల్ సిలిండర్, పెట్రోలు నింపితే 195 కిలోల పైచిలుకు. కంపెనీ పేరు చెప్పను. చెప్పానంటే సగం మంది దాన్ని తిట్టడానికి, మిగతా సగం వెనకేసుకురావడానికి దిగుతారు. నా ప్రశ్న మూలన పడుతుంది.

మొదటి లైను ఎలా వచ్చిందో చెబుతాను. పోయిన ఎండాకాలం ఒక ఎండిన వాగులో పడ్డాను. పడటం కొత్త కాదు గానీ ఆ రోజు ఒకే మధ్యాహ్నం మూడుసార్లు పడ్డాను. మొదటిసారి రోషంతో లేపేశాను. రెండోసారి నడుము కలుక్కుమంది, అయినా లేపాను. మూడోసారి బండి లేవలేదు. ముందు చక్రం ఇసుకలో, వెనక పెట్టె రెండు రాళ్ల మధ్య. హ్యాండిల్ పట్టుకుని ఎంత గుంజినా జానెడు లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నలభై నిమిషాలు దాని పక్కనే కూర్చున్నాను. మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. బండిని చూశాడు, నన్ను చూశాడు, "ముందు ఆ పెట్టెలు ఊడదియ్యవయ్యా" అన్నాడు. అంతసేపట్లో నాకు తట్టని మాట. పెట్టెలు తీసి ఇద్దరం చెరోవైపు పట్టుకుంటే లేచి నిలబడింది. వెళ్తూ వెళ్తూ, "ఇద్దరు లేపే బరువుని ఒక్కడివే ఎందుకు తెచ్చుకున్నావు?" అని అడిగాడు. ఏం చెబుతాను?

కొలవందే నిద్రపట్టని జాతి మాది. తర్వాతి ఆదివారం తెలిసినవాళ్ల షెడ్డులో బండిని నేల మీద పడుకోబెట్టాను. (పడుకోబెట్టడంలోనే క్లచ్ లివర్ చివర విరిగింది. ట్యాంకు మూత దగ్గర పెట్రోలు కారి షెడ్డంతా వాసన.) పైన చైన్ బ్లాక్‌కి (బరువులెత్తే గొలుసు కప్పీకి) వేలాడే తూకం తగిలించి, హ్యాండిల్ చివరకు తాడు కట్టి మెల్లగా లాగాం. బండి నేల వదిలే క్షణంలో తూకం 82 కిలోలు చూపించింది. పెట్టెలతో కలిపి 97. నా బరువు 68 అని పైనే రాశాను.

కాబట్టి మొదటి లైను: పడితే ఒక్కడినే లేపగలగాలి.

ఆ తర్వాత కేటలాగులు ముందేసుకున్నాను. సీసీ తగ్గితే బరువు తగ్గుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అంకెలు అలా లేవు. 452 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 196 కిలోలు. 471 సీసీ హోండా ఎన్ఎక్స్ 500 కూడా 196. పోనీ పైకి వెళ్దామని చూస్తే 689 సీసీ యమహా టెనెరే 700 రమారమి 204, అప్రీలియా ట్వారెగ్ 660 కూడా దాదాపు అంతే, 755 సీసీ హోండా ట్రాన్సాల్ప్ 208. అంటే 40 హార్స్‌పవర్ నుంచి 90కి ఎగబాకినా పెరిగే బరువు 12 కిలోలే. సుజుకీ వీస్ట్రామ్ 800 డీఈ ఒక్కటే 230 దాకా పోయింది. మరి చిన్న ఇంజిన్ తీసుకుని నేను మిగుల్చుకునేది ఏమిటి? ఈ లెక్క చూసినప్పటి నుంచి తల తిరుగుతోంది.

1978 డిసెంబర్‌లో బయల్దేరి 1979 జనవరిలో ముగిసిన మొట్టమొదటి పారిస్-డాకర్ ఎడారి ర్యాలీని సిరిల్ నెవూ గెలిచింది యమహా ఎక్స్‌టీ 500 మీద. ఒకే సిలిండర్, కిక్ కొట్టి స్టార్ట్ చేసే బండి. మామూలు జనానికి అమ్మిన ఎక్స్‌టీ 500 అయితే పెట్రోలు, ఆయిలు లేకుండా 140 కిలోల దగ్గర ఉండేది. ఇప్పటి బండికి రేడియేటర్ కావాలి, బ్రేకు వేస్తే చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ కావాలి, పొగ గొట్టంలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ కావాలి, సెల్ఫ్ మోటారు కావాలి. అది నాకూ తెలుసు, అవి వద్దనే మొండితనం లేదు. కానీ పెరిగిన బరువులో మనం అడిగింది ఎంత, అడక్కుండా అంటగట్టింది ఎంత? అరచేయంత రంగుల తెర నేనైతే అడగలేదు.

ప్రశ్న ఇది. ఒక ఇంజనీరు మీ ఎదురుగా కూర్చుని, "కొత్త మిడ్‌సైజ్ బండి గీస్తున్నాం, మూడే మూడు కోరుకోండి" అంటే ఏం కోరతారు? నాలుగోది ఒప్పుకోను. తక్కువ ధర లెక్కలోకి రాదు, అది అందరికీ కావాల్సిందే.

ఆరోగేరు:

అన్నా, కథ బాగుంది, తూకం ఇంకా బాగుంది. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఏడాదిలో మీ బండి ఎన్నిసార్లు పడింది? పది? పదిహేను? మిగతా రోజులన్నీ నిలబడే ఉంది కదా. పడ్డప్పటి కోసం బండి కొంటే, నడిపేటప్పటి సంగతేంటి?

నాది ఎక్కువ హైవే. రోజుకి ఐదారు వందల కిలోమీటర్లు, చివరి నలభై యాభై మట్టిదారి. ఆ యాభై కోసమే అడ్వెంచర్ బండి కొన్నాను, నిజమే. కానీ అక్కడికి చేరేసరికి నేను మనిషిలా మిగలాలి. పాత సింగిల్ మీద 110లో రెండు గంటలు పోతే వేళ్లు తిమ్మిరెక్కి గ్లౌజులు తీయడం కూడా వచ్చేది కాదు. ఇప్పుడున్నది 270 డిగ్రీల క్రాంకు ఉన్న ట్విన్, అంటే రెండు సిలిండర్ల బండి. రెండు సిలిండర్లూ సమానమైన ఎడంతో కాకుండా 270, 450 డిగ్రీల ఎడంతో పేలతాయి. అందుకే వీ-ట్విన్ లాగా దడదడమని ఒక లయలో పోతుంది. మట్టిలో వెనక టైరుకి పట్టు దొరకడానికి ఆ ఎడం పనికొస్తుందని కూడా అంటారు. నాకు మాత్రం వేళ్లు బతికాయి, అది చాలు.

నా మూడు ఇవి. మొదటిది, పానా లేకుండా ఒక చేత్తో పైకీ కిందికీ జరిగే ముందు అద్దం, అదే గాలి ఆపే విండ్‌స్క్రీన్. పొడుగు అద్దం వేస్తే గాలి ఆగుతుందని వేయించాను, హెల్మెట్ ఇంకా ఎక్కువ ఊగింది. అద్దం పై అంచు దగ్గర గాలి సుడి తిరుగుతుంది, నా ఎత్తుకి ఆ సుడి సరిగ్గా హెల్మెట్‌కే వచ్చి కొట్టింది. పొట్టి అద్దం పెట్టాక ఛాతీకి గాలి తగులుతోంది గానీ తల నిలకడగా ఉంది. రెండోది, 400 కిలోమీటర్లు పోయే ట్యాంకు. 16 లీటర్ల ట్యాంకుతో లీటరుకి 22 వచ్చినా చివరి చుక్క దాకా 350. చివరి చుక్క దాకా ఎవడు పోతాడు? 270 దాటగానే బంకు ఎక్కడుందా అని టెన్షన్ మొదలు. కవాసాకీ కేఎల్ఆర్ 650కి 1987లోనే 23 లీటర్ల ట్యాంకు ఇచ్చారు, ఇప్పుడేం వచ్చింది వీళ్లకి? మూడోది క్రూయిజ్ కంట్రోల్, థ్రాటిల్ (యాక్సిలరేటర్) తిప్పి పట్టుకోకుండానే వేగాన్ని నిలిపేది. థ్రాటిల్‌కి వైరు పోయి సెన్సర్ వచ్చిన బండ్లలో దానికి పెద్దగా అదనపు సరంజామా కూడా అక్కర్లేదు, అయినా ఎక్కువగా పెద్ద బండ్లకే దాచిపెట్టుకుంటారు.

తెరను తిట్టకండి అన్నా. దాని మీద మ్యాపు చూసుకుంటేనే నేను ఇంటికి చేరేది.

గొలుసుకొలత:

ఆరోగేరు తమ్ముడూ, ఏమీ అనుకోలేదు. ట్యాంకు గురించి మాత్రం ఒక లెక్క. 16 బదులు 23 లీటర్లంటే ఏడు లీటర్లు, అంటే ఐదు కిలోల పైన. అది కూడా బండిలో అన్నిటికంటే పై అంతస్తులో. పడ్డప్పుడు ఆ ఐదు కిలోలు ఐదుగా ఉండవు.

పదోనంబరు పానా:

సార్, బండ్లు విప్పి బిగించడం నా పని, 22 ఏళ్లుగా. మీరిద్దరూ చెప్పిందాంట్లో నిజం ఉంది, ఇద్దరూ వదిలేసిందీ ఉంది.

ముందు బరువు సంగతి. కేటలాగులో ఉండేది ఎంత బరువనే. ఎక్కడ బరువనేది అందులో రాయరు. 2019లో వచ్చిన కేటీఎం 790 అడ్వెంచర్ చూడండి. 20 లీటర్ల ట్యాంకు, కానీ అందులో ఎక్కువ భాగం ఇంజిన్‌కి రెండు పక్కలా కిందకి వేలాడుతుంది, గాడిద మీద గోనెసంచులు వేసినట్టు. చూడ్డానికి అందంగా ఉండదు. నడిపితే మాత్రం దాని బరువు అసలు తెలియదు. ఆరోగేరు గారు అడిగిన పెట్రోలు, మీరు అడిగిన తేలిక, రెండూ ఒకేచోట కుదిరాయి కదా. చిక్కల్లా పడితే ముందు నేలకు తగిలేది ఆ ట్యాంకే, కాబట్టి దానికి గార్డు ఉండాలి.

రెండోది, మీ లేపే పద్ధతి. హ్యాండిల్ పట్టుకుని ఎదురుగా నిలబడి గుంజారు కదా? నడుము పోయేది అందుకే. కుడిపక్కకు పడితే ముందు సైడ్ స్టాండ్ తీసి పెట్టుకోండి, లేకపోతే లేపిన ఊపులో అటు పడుతుంది. గేర్లో వెయ్యండి, చక్రం జారకుండా. హ్యాండిల్‌ని నేల వైపుకి పూర్తిగా తిప్పండి. బండికి వీపు పెట్టి, సీటు అంచున నడుము కింది భాగం ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రెయిల్ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. లేపాల్సింది తొడలతో, చేతులతో కాదు. పెట్టెలు తీయమన్న ఆ పెద్దాయనకి దండం.

ఇక నేను ఇంజనీరుని అడిగేది ఒకటే ఒకటి, మూడు కూడా అక్కర్లేదు. బండి పడుతుందని ముందే ఒప్పుకుని గియ్యండి. నా దగ్గరికి వచ్చే అడ్వెంచర్ బండ్లలో ఇంజిన్ పోయి వచ్చేవి తక్కువ. ఏవి వస్తాయి? గేరు పెడల్ వంగి ఇంజిన్ కవర్‌లోకి దిగినవి. క్లచ్ లివర్ మొదట్లో విరిగినవి. రేడియేటర్‌కి రాయి తగిలి చిల్లు పడ్డవి. పెట్టెల బరువుకి వెనక ఫ్రేము చిట్లినవి. ఆ వెనక ఫ్రేము బోల్టులతో ఉంటే విప్పి వేరేది వేస్తాం. మెయిన్ ఫ్రేముకి వెల్డింగ్ చేసి ఉంటే ఒక పక్క వంగినా మొత్తం ఫ్రేము గొడవే. మడతపడే లివర్లు, ఇనుప గేరు పెడల్, రేడియేటర్ ముందు జాలీ, కింద మందపాటి ప్లేటు. వీటికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు. షోరూమ్‌లో యాక్సెసరీల పేరుతో విడిగా అమ్ముకోవచ్చని ఇవ్వరు, అంతే.

ఎయిర్ ఫిల్టర్ ఒకటి. మట్టిలో తిరిగే బండికి అది ముక్కు. సీటు తీయగానే కనబడాలి. ఒక బండికి ఫిల్టర్ చూడాలంటే ప్లాస్టిక్ ప్యానెళ్లు, ట్యాంకు అన్నీ విప్పాలి, నాకే ముప్పావు గంట పడుతుంది. అలాంటిది దారిలో మీరేం విప్పుతారు? మరోవైపు మంచి మాట కూడా చెప్పాలి, టెనెరేలో ఉండే ఆ 689 సీసీ ఇంజిన్‌కి వాల్వులు చూడాల్సింది 40 వేల కిలోమీటర్లకు ఒకసారి. అది నిజంగా రైడరు గురించి ఆలోచించిన పని, నాకు మాత్రం బేరం తగ్గించింది.

చక్రాల దగ్గర అందరూ తడబడతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. మామూలు స్పోక్ చక్రంలో స్పోకులు రిమ్ము మధ్యలోంచి పోతాయి, ఆ కన్నాల్లోంచి గాలి పోతుంది కాబట్టి ట్యూబు తప్పదు. స్పోకుల్ని రిమ్ము అంచుకి బిగిస్తే ట్యూబు అక్కర్లేదు. బీఎండబ్ల్యూ 1987లో ఆర్ 100 జీఎస్‌కే ఆ పద్ధతి పెట్టింది. ట్యూబ్‌లెస్‌కి మేకు దిగితే అక్కడే కూర్చుని పది నిమిషాల్లో ప్లగ్గు కొట్టి పోతారు. ట్యూబుకైతే చక్రం ఊడదీయాలి, టైరు అంచు విడగొట్టాలి, లివర్లతో కుస్తీ పట్టాలి, తిరిగి ఎక్కించేటప్పుడు కొత్త ట్యూబుని మనమే లివర్‌తో గిల్లేస్తాం. అలాగని ట్యూబుని తీసిపారేయకండి. రాయికి కొట్టుకుని రిమ్ము సొట్టపడి ట్యూబ్‌లెస్ టైరు అంచు దగ్గర గాలి వదిలేస్తుంటే, అందులో ట్యూబు వేస్తేనే ఇంటికి చేరేది. అందుకే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు తీసుకుని, సంచిలో ఒక 21 అంగుళాల ట్యూబు పెట్టుకోండి. వెనక చక్రానికి కూడా గతిలేనప్పుడు అదే సర్దుకుంటుంది.

గొలుసుకొలత:

పానా గారూ, నిన్న సాయంత్రం మీరు చెప్పినట్టు వీపు పెట్టి లేపాను. పెట్టెలు లేకుండా లేచింది. ఏడేళ్లు తప్పుగా లేపాను. పెట్టెలతో మాత్రం ఇంకా లేవడం లేదు. అవి మానేసి మెత్తటి సంచులకు మారదామా అని చూస్తున్నాను. అల్యూమినియం పెట్టెలు రెండూ స్టాండుతో కలిపి తూస్తే, లోపల ఏమీ లేకుండానే 14 కిలోలు ఉన్నాయి.

మునివేళ్లు:

పెట్టెలు మానేయండి సార్, కాలు దక్కుతుంది. ఇసుకలో కాలు కింద పెట్టినప్పుడు ఆ పెట్టె ముందుకొచ్చి పిక్క మీద పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 52. అడ్వెంచర్ బండి అనగానే "మేడమ్, మీకు అందదు" అనే మాట ఎన్ని షోరూముల్లో విన్నానో లెక్కలేదు. అందరూ సీటు ఎత్తు ఒక్కటే చూపిస్తారు. హిమాలయన్ 825, ట్రాన్సాల్ప్ 850, టెనెరే 875 మిల్లీమీటర్లు. ఆ అంకె సగం కథే. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు విడిపోయి, 825 కూడా 860 లాగా అనిపిస్తుంది. సన్నగా ఉంటే ఎత్తైన సీటు మీద కూడా కాలు తిన్నగా కిందకి దిగుతుంది.

మిగతా సగం ఎవరూ మాట్లాడరు. మనం కూర్చోగానే సస్పెన్షన్ కొంత దిగుతుంది కదా, అదే సాగ్. మట్టిదారుల బండికి మొత్తం ట్రావెల్‌లో (సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలే దూరంలో) దాదాపు మూడో వంతు దిగాలంటారు. 200 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉంటే 60 నుంచి 65 దిగాలి. కంపెనీ స్ప్రింగు వేసేది 75, 80 కిలోల మనిషిని మనసులో పెట్టుకుని. నేను కూర్చుంటే 40 కూడా దిగలేదు, ప్రీలోడ్ (స్ప్రింగుకి ముందే ఇచ్చే బిగింపు) పూర్తిగా వదిలేసినా అంతే. అంటే పొట్టిగా, తేలిగ్గా ఉన్నవాళ్లకి బండి రెండుసార్లు ఎత్తవుతుంది. పైగా స్ప్రింగు గట్టిగా ఉండి ప్రతి రాయినీ నడుముకి అప్పజెబుతుంది.

దీనికి అందరూ చెప్పే మందు లోవరింగ్ లింక్, వెనక సస్పెన్షన్‌కి వేసి బండిని కిందకి దించే ముక్క. నేనూ వేయించాను. వెనక 40 మిల్లీమీటర్లు దించారు. ముందు ఫోర్కుల్ని దానికి తగ్గట్టు జరపలేదు, సైడ్ స్టాండ్ కోయించలేదు. ఇంకేముంది, హ్యాండిల్ బద్ధకంగా తయారైంది, మలుపులో తిరగనంటుంది. స్టాండు మీద పెడితే బండి దాదాపు నిటారుగా నిలబడేది. ఒకరోజు పక్కనుంచి లారీ పోయిన గాలికి, నా కళ్లముందే, మెల్లగా, అవతలి పక్కకు ఒరిగిపోయింది. సైడు అద్దం, బ్రేక్ లివర్ పోయాయి. పైగా దించినంత మేర కింద ప్లేటు రాళ్లకు తగలడం మొదలు. నేల నుంచి ఎత్తు కోసమే కదా ఆ బండి కొన్నది!

నెల తిరక్కుండా లింకు తీయించేసి, నా బరువుకి సరిపడే మెత్తటి స్ప్రింగు వేయించుకున్నాను. సీటు ముందు భాగం స్పాంజి చెక్కించాను. ఇప్పుడు ఒక్క కాలి మునివేళ్లు నేలకు ఆనతాయి, ఆగేముందు సీటు మీద ఒక పక్కకు జరిగితే సగం పాదం ఆనుతుంది. చాలు. కాబట్టి నా కోరిక: కొనేటప్పుడే "మీ బరువెంత?" అని అడిగి, మూడు రకాల స్ప్రింగుల్లో ఒకటి వేసివ్వాలి. షర్టుకి సైజులున్నాయి, హెల్మెట్‌కి సైజులున్నాయి, స్ప్రింగుకి ఎందుకుండవు? రెండోది సన్నటి సీటు. మూడోది మీకే ఇచ్చేస్తున్నాను, వాడుకోండి.

వాగుదాటినోడు:

మేడమ్ వదిలేసిన మూడోది నేను తీసుకుంటున్నా. ఏబీఎస్ వెనక చక్రానికి ఆపేస్తే, నేను మళ్లీ వెయ్యమనే దాకా ఆగిపోయి ఉండాలి. గులకరాళ్ల దిగుడులో చక్రం కాస్త పట్టేస్తే దాని ముందు రాళ్లు కుప్పపడి బండి ఆగుతుంది. ఏబీఎస్ పట్టేయనివ్వదు, బండి దిగుతూనే ఉంటుంది. అందుకే ఆపుకుంటాం. ఫొటో కోసం తాళం తీసి మళ్లీ వేస్తే చాలా బండ్లలో అది తిరిగి మొదటికి వచ్చేస్తుంది. నేను మర్చిపోయి దిగుడులోకి వెళ్లాక గుర్తొచ్చింది. అప్పటికే ఎదురుగా మలుపు.

ఇంకోటి, ఇంజిన్ గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉందో కేటలాగులో ముద్రించాలి. నీళ్లలో ఎంతదాకా దిగొచ్చో తేల్చేది అదే, సైలెన్సర్ కాదు. వాగులో పడి ఇంజిన్ ఆగిపోతే సెల్ఫ్ నొక్కొద్దు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేక, దాన్ని కదిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి, అప్పుడు సెల్ఫ్ కొట్టి నీళ్లు బయటికి చిమ్మించాలి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే మార్చేదాకా కదపొద్దు. ప్లగ్గు దగ్గరికి చెయ్యి పోనివ్వని బండ్లు ఎన్నున్నాయో పానా అన్నని అడగండి.

పదోనంబరు పానా:

అడక్కండి.

గొలుసుకొలత:

ఆరోగేరు తమ్ముడి మొదటి ప్రశ్న మనసులో అలాగే ఉండిపోయింది. నా పని వల్ల ప్రతి ప్రయాణం డైరీలో రాస్తాను. మొన్న రాత్రి కూర్చుని అవన్నీ లెక్క కట్టాను. పోయిన ఏడాది 14,200 కిలోమీటర్లు తిరిగాను. అందులో తారు లేనివి 3,100. పడింది 11 సార్లు, 11లో 9 సార్లు గంటకి పది కిలోమీటర్ల లోపు వేగంలో. అంటే నేను అనుకున్నంత అడవి మనిషినేం కాదు, తమ్ముడు గెలిచాడు. కానీ పడిన తొమ్మిదీ బండి దాదాపు ఆగి ఉన్నప్పుడే, కాలు పెట్టబోతే నేల అందకపోవడం వల్ల. మునివేళ్లు గారు రాసింది చదివేదాకా ఈ రెండిటినీ కలిపి చూడలేదు. లేపడం గురించి ఇంత ఆలోచించాను, పడకుండా ఉండటం గురించి ఆలోచించలేదు! నా సాగ్ కొలిచాను. స్ప్రింగు ఏడేళ్లలో నీరసించి 80 దిగుతోంది, అంటే నా ఎత్తు సమస్య సీటు వెడల్పుది, స్ప్రింగుది కాదు.

కాగితం కొట్టేసి మళ్లీ రాశాను. మొదటి లైను మారలేదు, దాని కింద "బరువు ఎంత" కొట్టేసి "బరువు ఎక్కడ" అని రాశాను. రెండో లైను: సన్నటి సీటు, అదీ షోరూమ్‌లో చెప్పులతో కాదు, బూట్లు వేసుకుని కూర్చుని చూడాలి. మూడో లైను: సీటు తీస్తే ఫిల్టర్ కనబడాలి, నేను విప్పి చూపించమంటే విప్పి చూపించాలి. చూపించకపోతే బయటికి వచ్చేస్తాను. ట్యూబ్‌లెస్ నాలుగోది, నా నిబంధన నేనే తప్పుతున్నాను. క్రూయిజ్ కంట్రోల్ మాత్రం రాయలేదు తమ్ముడూ, క్షమించు. ట్యాంకు గురించి మాటిస్తున్నాను, కిందకి వేలాడేదైతే 20 లీటర్లకు ఒప్పుకుంటాను.

ఈ శనివారం రెండు బండ్లు నడపబోతున్నాను, ఒకటి సింగిల్, ఒకటి ట్విన్. రెండూ తెలిసినవాళ్లవే. షోరూమ్‌లో బండిని కింద పడుకోబెట్టి తూస్తానంటే బయటికి గెంటుతారు కదా, వీళ్లయితే "జాగ్రత్తగా చేస్తానంటే సరే" అన్నారు. చైన్ బ్లాక్, తూకం రెండూ సిద్ధం.

పదోనంబరు పానా:

ఈసారి సైలెన్సర్ లేని పక్కకు పడుకోబెట్టండి సార్. హ్యాండిల్ చివర ఆనేచోట ఒక పాత టైరు, ఇంజిన్ గార్డు కింద ఇంకోటి వేసుకోండి, లివర్లు మిగులుతాయి. ట్యాంకు సగానికి మించి ఉంచకండి, రెండిట్లోనూ ఒకే మట్టానికి ఉంచండి, లేకపోతే మీ లెక్కకి అర్థం ఉండదు. లేపాక ఐదు నిమిషాలు ఆగి స్టార్ట్ చెయ్యండి, ఆయిలు కిందకి దిగనివ్వండి. అంకెలు రెండూ ఇక్కడ రాయండి. హ్యాండిల్ దగ్గరిదే కాకుండా సీటు అంచు దగ్గర కూడా తూయండి, లేపేది అక్కడినుంచే కదా.